ర్యాకుల గోడౌన్‌కి స్ప్రింక్లర్లు: మూడు కొటేషన్లు, మూడు రకాల మాటలు, ఏది నమ్మాలి?

మేడ్చల్‌షెడ్డు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మేడ్చల్ దాటాక హైవేకి కాస్త లోపలగా మా మేనమామకి స్థలం ఉంది, పోయినేడు అందులో పీఈబీ షెడ్డు (ఫ్యాక్టరీలో చేసిన స్టీలు ఫ్రేములు తెచ్చి బిగించేది) వేయించాం. వెడల్పు 60 మీటర్లు, పొడవు 96, ఫ్రేముకి ఫ్రేముకి మధ్య 8 మీటర్లు, ఈవ్ దగ్గర, అంటే కప్పు గోడని కలిసే చోట, ఎత్తు 9 మీటర్లు. ఏ విత్తనాల కంపెనీకో అద్దెకిచ్చేద్దాం అనుకుని కట్టింది అది. ఇప్పుడు ఒక లాజిస్టిక్స్ పార్టీ వచ్చింది, ఆన్‌లైన్ ఆర్డర్ల సరుకు పెట్టుకుంటారట. అద్దె బాగానే ఉంది, కాకపోతే వాళ్లకి ర్యాకులు కావాలి, నేల మీద ఒక వరస, దానిపైన నాలుగు లెవెల్స్, అన్నిటికంటే పైనున్న ప్యాలెట్ నెత్తి 7.5 మీటర్లకి వస్తుంది. స్ప్రింక్లర్లు మాత్రం మేమే పెట్టించి ఇవ్వాలి, అది కూడా వాళ్ల ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకునేలా ఉండాలి అని అగ్రిమెంటులో ఒక లైను పెట్టారు. ఆ ఒక్క లైనే ఇప్పుడు నా ప్రాణం తీస్తోంది.

మూడు కొటేషన్లు తీసుకున్నా. మొదటాయన, పైకప్పు కింద మామూలు స్ప్రింక్లర్లు చాలన్నాడు, 68 డిగ్రీల ఎర్ర బల్బువి, ఒక్కోటి 12 చదరపు మీటర్లకి. "ఫైర్ ఎన్ఓసీకి ఇది చాలు సార్, ఈ చుట్టుపక్కల అందరికీ ఇదే వేశాం" అని కూడా అన్నాడు. రెండో ఆయన ఈఎస్ఎఫ్ఆర్ (మంటని మొదట్లోనే అణిచేసే రకం స్ప్రింక్లర్లు) పెట్టాలన్నాడు, కె 14 హెడ్లు (కె అంటే హెడ్ ఎంత నీళ్లు వదలగలదో చెప్పే నంబరు), 50 పీఎస్ఐ ప్రెషర్, ఒకేసారి 12 హెడ్లు పారేలా లెక్క, గంటకి సరిపడా 327 కిలోలీటర్ల నీళ్లు, 1500 జీపీఎం (నిమిషానికి గ్యాలన్లు) పంపు. ధర మొదటాయన దానికి రెట్టింపు పైనే. మూడో ఆయన పైన ఒక సిస్టమ్, ర్యాకుల లోపల రెండు లెవెల్స్‌లో ఇంకో సిస్టమ్ అన్నాడు, ధర మధ్యలో ఉంది.

సంపు ఇప్పటికే 300 కిలోలీటర్లకి తవ్వించేశాం. అది సరిపోయే దారి ఏదైనా ఉంటే సంతోషం. నేను సివిల్ చదివాను గానీ ఫైర్ సబ్జెక్టు నాకు బొత్తిగా తెలీదు. మామయ్యేమో తక్కువ కొటేషన్ తీసుకుని పని కానిచ్చేయమంటున్నాడు. ఏం చేయమంటారు?

పైపులాయన:

తమ్ముడూ, మొదటి కొటేషన్ కాగితం ముందు చింపెయ్. ఆయన చెడ్డవాడని కాదు. ఆయన వేసేది మామూలు షాపులకీ, ఆఫీసులకీ, చిన్న వర్క్‌షాపులకీ వేసే సిస్టమ్. నిమిషానికి చదరపు మీటరుకి 5 లీటర్ల లెక్క అది. అదే కె 14 ఈఎస్ఎఫ్ఆర్ హెడ్ 50 పీఎస్ఐ దగ్గర నిమిషానికి దాదాపు 375 లీటర్లు వదులుతుంది, దాని కిందుండే తొమ్మిది చదరపు మీటర్లకి పంచితే మీటరుకి 40 లీటర్లు. ఐదుకీ నలభైకీ తేడా నువ్వే చూసుకో.

అంత నీళ్లెందుకు అంటావా, ర్యాక్ అనేది నిలబెట్టిన పొయ్యి లాంటిది. కింద ప్యాలెట్ అంటుకుంటే రెండు ప్యాలెట్ల మధ్య సందులోంచి మంట పైకి ఎగబాకుతుంది, పొగగొట్టంలో లాగినట్టు లాగుతుంది. పైన స్ప్రింక్లర్ పగిలేసరికి కింద మంట ముదిరిపోయి ఉంటుంది, అప్పుడు సన్న జల్లు పడితే ఆ వేడిగాలి జోరుకి చినుకులు కిందికి రాకుండానే ఆవిరైపోతాయి. ఈఎస్ఎఫ్ఆర్ చేసేది రెండు పనులు. ముందుగా పగలడం, పెద్ద పెద్ద చినుకులతో మంటలోకి దూరి సరుకు మీద పడటం. మామూలు సిస్టమ్ మంటని పాకకుండా ఆపి ఫైరింజన్ వచ్చేదాకా కాపలా కాస్తుంది, ఇది అక్కడికక్కడే అణిచేయాలని పెట్టింది.

ఇంకొకటి, ఆ 68 డిగ్రీల బల్బు సంగతి. మన దగ్గర మే నెలలో మధ్యాహ్నం రెండింటికి రేకు కింద ఎప్పుడైనా నిచ్చెనెక్కి నిలబడ్డావా? నేను నిలబడ్డా, చెవులు కాలిపోతాయి. ఆ రకం హెడ్లు పైకప్పు దగ్గర వేడి 38 డిగ్రీలు దాటని చోట పెట్టాల్సినవి. దాటితే తర్వాతి రేటింగ్‌కి వెళ్లాలి, మామూలు బల్బుల్లో 93 డిగ్రీల ఆకుపచ్చది, ఈఎస్ఎఫ్ఆర్‌లో అయితే 101 డిగ్రీలది దొరుకుతుంది. కప్పుకి ఇన్సులేషన్ వేశారో లేదో నువ్వు రాయలేదు. వెయ్యకపోతే రెండో ఆయన కొటేషన్లో హెడ్ రేటింగ్ ఎంతుందో చూసుకో.

అసలు ప్రశ్న మాత్రం నువ్వింకా చెప్పలేదు. లోపల పెట్టే సరుకేంటి? అది తెలీకుండా ఎవరు డిజైన్ చేసినా చీకట్లో బాణం వేసినట్టే.

డాలస్‌సీమబిడ్డ:

నేను ఇక్కడ పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నా, ఎక్కువగా డిస్ట్రిబ్యూషన్ సెంటర్లే. పైన అన్నయ్య చెప్పినవాటితో ఏకీభవిస్తా. కానీ మీ రెండో కొటేషన్లో ఒక తప్పుంది, ఇంతవరకు ఎవరి కంటా పడలేదు.

మీ షెడ్డు వెడల్పు 60 మీటర్లు, ఈవ్ 9 మీటర్లు. పీఈబీకి సాధారణంగా పదికి ఒకటి వాలు ఇస్తారు. అంటే గోడ నుంచి మధ్య శిఖరం దాకా 30 మీటర్లలో 3 మీటర్లు పైకి లేస్తుంది. శిఖరం దగ్గర మీ ఎత్తు 12 మీటర్లు, అంటే 39 అడుగుల పైమాటే. మీ కొటేషనాయన 50 పీఎస్ఐ అన్నాడంటే ఎన్ఎఫ్‌పీఏ 13 (స్ప్రింక్లర్లకి అమెరికా ప్రమాణాల పుస్తకం) పట్టికలో కె 14 కి 30 అడుగుల కప్పు, 25 అడుగుల సరుకు ఉన్న వరస పట్టుకున్నాడు. ఈవ్ ఎత్తు 9 మీటర్లు చూసి 30 అడుగులే కదా అని ఆ వరసలో వేలు పెట్టాడన్నమాట. సరుకున్న చోట కప్పు అన్నిటికంటే ఎత్తుగా ఎక్కడుందో అది తీసుకోవాలి, గోడ దగ్గరది కాదు. 40 అడుగుల కప్పుకి కె 14 అయితే 75 పీఎస్ఐ కావాలి.

లెక్క చూడండి. 14 ని 50 వర్గమూలంతో గుణిస్తే హెడ్‌కి 99 గ్యాలన్లు, మూడు లైన్లలో లైనుకి నాలుగు చొప్పున 12 హెడ్లకి 1188, చేత్తో పట్టే ఫైర్ గొట్టాలకి 250 కలిపితే 1438 జీపీఎం, గంటకి 327 కిలోలీటర్లు. ఆయన లెక్క ఇదే. ఇప్పుడు 75 పెట్టండి. హెడ్‌కి 121, పన్నెండింటికి 1455, గొట్టాలతో 1705 జీపీఎం. గంటకి 387 కిలోలీటర్లు. పైపుల్లో దగ్గరి హెడ్లకి ప్రెషర్ ఎక్కువ వచ్చి లెక్క కంటే కాస్త ఎక్కువ నీళ్లు పోతాయి, కాబట్టి 410, 420 దగ్గర ఆగుతుంది. మీ 300 సంపు ఆయన సొంత లెక్కకే చాలదు, దీనికి అసలే చాలదు. పంపు కూడా 1500 జీపీఎంది పెడితే దాని రేటింగ్ దాటి నడపాలి, అక్కడ ప్రెషర్ పడిపోతుంది. ఇండియాలో గంటకి 410 క్యూబిక్ మీటర్ల పంపు మామూలుగా దొరుకుతుంది, దాన్ని అడగండి.

కె 14 కి బదులు కె 16.8 తీసుకుంటే ఇదే ఎత్తుకి 52 పీఎస్ఐ చాలు. నీళ్లు దాదాపు అంతే పడతాయి గానీ పంపు మీద బరువు తగ్గుతుంది. హెడ్ దగ్గర ప్రెషర్, 12 మీటర్ల ఎత్తుకి ఇంకో 1.2 బార్, పైపుల్లో రాపిడి, అన్నీ కూడితే పంపు ఎంత ఇవ్వాలో తేలుతుంది, అక్కడ ఒకటిన్నర బార్ మిగిలితే మోటారు, డీజిల్ ఇంజన్ రెండూ చిన్నవవుతాయి. కె 25.2 కూడా అడిగి చూడండి. హెడ్ ధర ఎక్కువే, మొత్తం ఖర్చు ఒక్కోసారి తక్కువొస్తుంది.

మీ వాలు పన్నెండుకి 1.2, ఈఎస్ఎఫ్ఆర్‌కి పన్నెండుకి రెండు దాకా ఒప్పుకుంటారు, ఆ భయం లేదు.

మేడ్చల్‌షెడ్డు:

బాబోయ్. డ్రాయింగ్ తీసి చూశా, శిఖరం 12.05 అని రాసుంది. ఆ మాట నాకు మూడు కొటేషన్ల వాళ్లలో ఒక్కరూ చెప్పలేదు. ఇన్సులేషన్ ఉంది, కానీ సన్నటి బబుల్ షీటు.

ఒక డౌటు. పైపులన్నీ కప్పు వాలుతో పాటు పైకి తీసుకెళ్లకుండా 9 మీటర్ల ఎత్తులోనే సమంగా లాగేస్తే? అప్పుడు హెడ్ నుంచి సరుకుకి దూరం అంతటా ఒకేలా ఉంటుంది కదా, 50 పీఎస్ఐ సరిపోదా? తెలివితక్కువ ప్రశ్నయితే క్షమించండి.

సరుకు సంగతి అడిగారు. పార్టీ వాళ్ల మేనేజర్ని అడిగితే "మిక్స్‌డ్ జనరల్ మర్చండైజ్" అన్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే లిస్టు పంపాడు: బట్టలు, చెప్పులు, అట్టపెట్టెల్లో మిక్సీలు, ప్లాస్టిక్ బకెట్లు డబ్బాలు, పరుపులు దిండ్లు, డియోడరెంట్లు, దోమల స్ప్రే, శానిటైజర్ క్యాన్లు. ప్యాలెట్లు నీలం ప్లాస్టిక్‌వి.

డాలస్‌సీమబిడ్డ:

తెలివితక్కువ ప్రశ్న కాదు, ఇక్కడ ఆర్కిటెక్టులు కూడా ఇదే అడుగుతారు. కుదరదు. స్ప్రింక్లర్‌కి కళ్లు లేవు, దానికి తెలిసేది వేడి ఒక్కటే. వేడిగాలి పైకి పోయి రేకు కింద పొరలా పరుచుకుంటుంది. మీరు హెడ్‌ని ఆ పొరకి మూడు మీటర్ల కింద వేలాడదీస్తే మంట పక్కనుంచి పైకి పోతున్నా దానికి వేడి అందదు, అందేసరికి ఆలస్యం. కె 14 ఈఎస్ఎఫ్ఆర్ డిఫ్లెక్టర్ (హెడ్ చివర నీళ్లని చిమ్మే పళ్లెం) కప్పుకి 150 నుంచి 355 మిల్లీమీటర్ల కిందే ఉండాలి. మీ పర్లిన్లు (రేకుని మోసే అడ్డ స్టీలు పట్టీలు) 200 మిల్లీమీటర్లు ఉంటాయి, వాటి కింద నుంచి హెడ్ కనిపించాలి, 355 దాటకూడదు. సందు చాలా తక్కువ, షాప్ డ్రాయింగ్‌లో ఈ కొలత రాశారో లేదో చూడండి.

ఇక మీ లిస్టు. ఇది చూశాక నాకు నిద్ర పట్టేలా లేదు.

బట్టలు, పెట్టెల్లో మిక్సీలు సరే. అట్టపెట్టెలో ఉన్న ప్లాస్టిక్‌కి పైన చెప్పిన లెక్క నడుస్తుంది. పరుపులు దిండ్లు అంటే నురుగు ప్లాస్టిక్, అది అట్టపెట్టె లేకుండా పాలిథిన్ కవర్లో ఉంటే కథ పూర్తిగా వేరు, ఆ వరసకి ఇంకా గట్టి లెక్క కావాలి, చాలా చోట్ల ఒప్పుకోరు కూడా. డియోడరెంట్లు, దోమల స్ప్రే ఏరోసాల్స్. వాటికి ఎన్ఎఫ్‌పీఏ 30బి అని ప్రత్యేకంగా ఒక పుస్తకమే ఉంది. శానిటైజర్ అంటే ఆల్కహాలు, అది మండే ద్రవాల కింద ఇంకో పుస్తకం. ఇవి మామూలు ర్యాకుల్లో మిగతావాటి మధ్య పెడితే పైన ఏ హెడ్ పెట్టినా నేను సంతకం పెట్టను.

1982 జూన్ 21 న పెన్సిల్వేనియాలో ఫాల్స్ టౌన్‌షిప్‌లో కేమార్ట్ డిస్ట్రిబ్యూషన్ సెంటర్ కాలిపోయింది. 12 లక్షల చదరపు అడుగుల భవనం. లోపల స్ప్రింక్లర్లు ఉన్నాయి. ఏరోసాల్ డబ్బాల పెట్టె ఒకటి కింద పడి అంటుకుంది, డబ్బాలు నిప్పుల తోకలతో రాకెట్లలా ఎగిరి అవతలి భాగాల్లో పడి అక్కడా అంటించాయి. ఈ ఫీల్డులో ఎవరికి పాఠం చెప్పినా ఇక్కడి నుంచే మొదలుపెడతారు. ఆ డబ్బాలకి వైరు మెష్ పంజరం కట్టించి వేరే గది చేయించండి.

ఆ నీలం ప్యాలెట్లు కూడా లెక్కలోకి వస్తాయి. డిజైన్ పట్టికలు చెక్క ప్యాలెట్ అనుకుని రాసినవి. ప్లాస్టిక్ ప్యాలెట్ అయితే సరుకు క్లాసు ఒక మెట్టు పైకి జరుగుతుంది, లోపల బలానికి ఇంకేదైనా కలిపిన రకమైతే రెండు మెట్లు. మీ పార్టీ దాన్ని మీకు చెప్పి ఉండరు, మీరు అడిగి ఉండరు.

షిఫ్ట్‌ఇన్‌చార్జ్:

ఇంజనీర్లు చెప్పేది విన్నాం, ఇప్పుడు లోపల పనిచేసేవాడి గోడు వినండి. నేను తొమ్మిదేళ్లుగా గోడౌన్లలో ఉన్నా, రెండు చోట్ల ఇన్-ర్యాక్, అంటే ర్యాకుల లోపలుండే స్ప్రింక్లర్లతో పనిచేశా.

అన్నా, మూడో కొటేషన్ వద్దు. అది పనిచెయ్యదని కాదు, మంట పుట్టిన చోటే నీళ్లు పడతాయి కాబట్టి కాగితం మీద అదే మంచిది. కానీ మా రీచ్ ట్రక్ (ర్యాకుల్లోకి ప్యాలెట్లు ఎత్తిపెట్టే బండి) డ్రైవర్లు రాత్రి షిఫ్టులో, పండగ సేల్ రోజుల్లో, గంటకి ఇన్ని ప్యాలెట్లు అని టార్గెట్ మీద పరిగెడుతుంటారు. ఫోర్క్ ఒక్క అంగుళం పైకి లేస్తే హెడ్ ఎగిరిపోతుంది. నా కళ్ల ముందే జరిగింది, మూడో లెవెల్లో హెడ్ తగిలి నల్లటి నీళ్లు, పైపులో ఏళ్లుగా నిలిచిన నీళ్లు, దుర్వాసన, రెండు వరసల మొబైల్ పెట్టెల మీద పడ్డాయి. వాల్వ్ ఎక్కడుందో తెలిసిన మనిషి ఆ రోజు సెలవు. పదిహేడు నిమిషాలు పోయాయి నీళ్లు. తర్వాత ఆరు నెలలకి కస్టమర్ మారాడు, బీమ్ ఎత్తులు మార్చమన్నాడు, మార్చాలంటే పైపులన్నీ మార్చాలి. అప్పుడు మా యాజమాన్యం ముఖం చూడాల్సింది.

పైన మాత్రమే ఉండే సిస్టమ్ పెట్టుకుంటే ర్యాకులు ఎలా మార్చినా పైపుల జోలికి పోనక్కర్లేదు. కానీ దానికి కొన్ని షరతులున్నాయి, అవి గాలికొదిలేసేది మాలాంటి వాళ్లమే, ఒప్పుకుంటా. 2700 బీమ్ మీద 1200 ముఖం ప్యాలెట్లు రెండు పెడితే మూడు చోట్ల వంద వంద మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. నీళ్లు కిందికి దిగాల్సింది ఆ సందులోంచే. మా వాళ్లేం చేస్తారు, పెట్టెలు ప్యాలెట్ కంటే బయటికి పేర్చి ఆ సందు మూసేస్తారు. వీపు వీపు ఆనించిన వరసల మధ్య ఆరంగుళాలు ఉండాలి, అక్కడ ఖాళీ అట్టలు దోపుతారు.

ఇంకా ఘోరం ప్లైవుడ్. ఆన్‌లైన్ సరుకు విడి విడి ముక్కలుగా తీయాలి కాబట్టి కింద రెండు లెవెల్స్‌లో ప్యాలెట్లు పెట్టరు, బీమ్ మీద ప్లైవుడ్ షీటు పరిచి చిన్న పెట్టెలు సర్దుతారు. మీ పార్టీ కూడా అదే చేస్తుంది, రాసి పెట్టుకోండి. పైన చెప్పిన అన్నలు చెప్పాలి, ప్లైవుడ్ పరిస్తే ఏమవుతుందో. మా పాత గోడౌన్లో ఆడిట్‌కి వచ్చినాయన అది చూసి మాట్లాడకుండా ఫోటోలు తీసుకుని వెళ్లిపోయాడు.

పైపులాయన:

ఏమవుతుందంటే, పైనుంచి వచ్చే నీళ్లకి అది గొడుగు. షెల్ఫ్ 20 చదరపు అడుగులు దాటితే దాన్ని గట్టి షెల్ఫ్ కింద లెక్కిస్తారు, మీటరు లోతు ర్యాక్‌లో 2700 బీమ్ అంటే 29 చదరపు అడుగులు, దాటేసినట్టే. అలాంటి షెల్ఫులకి ఈఎస్ఎఫ్ఆర్ ఒక్కటే చాలదు, ర్యాకుల లోపల కూడా హెడ్లు పెట్టాల్సిందే. సగానికి పైగా ఖాళీ ఉన్న వైరు మెష్ డెక్కులు వేసి సందులు వదిలితే ఆ గొడవ ఉండదు. ప్లైవుడ్ కంటే ఖరీదే, కానీ ఆ ఖర్చు పార్టీది, నీది కాదు. అగ్రిమెంటులో రాయించుకో.

పైన మూత లేని ప్లాస్టిక్ డబ్బాలు కూడా ఈఎస్ఎఫ్ఆర్ కింద పెట్టకూడదు. నీళ్లు వాటిలో నిండి అక్కడే ఆగిపోతాయి.

లేఅవుట్ సంగతి. ఈ ఎత్తుకి హెడ్‌కి హెడ్‌కి 3 మీటర్లు దాటకూడదు, 9.3 చదరపు మీటర్లు దాటకూడదు, 2.4 మీటర్ల కంటే దగ్గరగానూ ఉండకూడదు, పక్క హెడ్ తడిసి పగలకుండా పోతుంది. నీ బే (రెండు ఫ్రేముల మధ్య జాగా) 8 మీటర్లు కదా, బేకి మూడు లైన్లు 2.67 చొప్పున వేసి, లైనులో 3 మీటర్లకో హెడ్ పెడితే చక్కగా కూర్చుంటుంది. మొత్తం 720 హెడ్లు. ఫ్రేముల రాఫ్టర్లు మీటరు లోతు ఉంటాయి, వాటి పక్కన హెడ్ ఎంత దూరంలో ఉండాలో వేరే పట్టిక. లైట్లు, కేబుల్ ట్రేలు వేసే ఎలక్ట్రీషియన్‌ని స్ప్రింక్లర్ వాడితో ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టు. నేను చేసిన ఒక సైట్లో హైబే లైటు సరిగ్గా హెడ్ కింద వేలాడదీశారు, నలభై చోట్ల.

షిఫ్ట్‌ఇన్‌చార్జ్:

పెద్ద ఫ్యాన్లు కూడా అడుగుతారు చూడండి, ఇరవై అడుగుల రెక్కలవి. ఎండాకాలం అవి లేకపోతే హమాలీలు నిలబడరు.

డాలస్‌సీమబిడ్డ:

పెట్టుకోవచ్చు. 24 అడుగుల వ్యాసం దాటకూడదు, నాలుగు హెడ్ల మధ్యలో రావాలి, హెడ్‌కి మూడడుగులు కింద ఉండాలి, నీళ్లు పారిన సిగ్నల్ రాగానే వాటంతటవే ఆగిపోయేలా వైరింగ్ ఉండాలి. ఈ చివరిది మర్చిపోతారు.

సర్వేబాబాయ్:

ఇన్సూరెన్స్ సర్వేలు చేసి రిటైరైనవాణ్ణి. డిజైన్ సంగతి పిల్లలు బాగా చెప్పారు, నేను వేరే వైపు నుంచి చెప్తా.

ఎన్ఓసీ వేరు, ఇన్సూరెన్స్ వేరు. మన దగ్గర ఫైర్ వాళ్లు ఎన్‌బీసీ (జాతీయ భవన నిర్మాణ కోడ్) 2016 నాలుగో భాగం, ఐఎస్ 15105 (స్ప్రింక్లర్లకి మన దేశపు ప్రమాణం) ఇవన్నీ చూస్తారు. నీ పార్టీ ఇన్సూరెన్స్ వాళ్లు, ముఖ్యంగా విదేశీ రీఇన్సూరెన్స్ (ఇన్సూరెన్స్ కంపెనీకే ఇన్సూరెన్స్) వెనకాల ఉంటే, ఎన్ఎఫ్‌పీఏ 13 గానీ ఎఫ్ఎం అనే అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీ డేటా షీట్ 8-9 గానీ అడుగుతారు, ఈ రెండిటి లెక్కలూ ఒకటి కావు. కాబట్టి బాబూ, పైపు ఒక్కటి కొనకముందే పార్టీ చేత వాళ్ల ఇన్సూరర్‌కి రాయించు, ఏ పుస్తకం ప్రకారం కావాలి, ఏ సరుకుకి, ఏ ఎత్తుకి అని. ఆ ఈమెయిల్ ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకో. "ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకునేలా" అన్న లైను అలాగే వదిలేస్తే రేపు వాళ్లు ఏది అడిగినా నువ్వు ఇవ్వాల్సిందే.

నీళ్ల లెక్కలో కూడా ఒకటి అడుగు. ఫైర్ డిపార్ట్‌మెంట్ హైడ్రెంట్లకి (ఫైర్ గొట్టాలు తగిలించే కొళాయిలకి) అడిగే నీళ్లు ఈ 387 లో కలిపారా, విడిగా ఉన్నాయా? రెండిటికీ ఒకే సంపు చూపించి పని కానిచ్చేవాళ్లని నేను చాలామందిని చూశా.

వాల్వ్ గురించి ఒకటి చెప్పాలి. పేరు చెప్పను, నగరం చుట్టూ ఉన్న గోడౌన్లలో ఒకటి. బ్రహ్మాండమైన సిస్టమ్, రెండు పంపులు, జాకీ (లైన్లో ప్రెషర్ నిలబెట్టే చిన్న పంపు), అన్నీ మెరుస్తున్నాయి. రైజర్ రూములోకి (మెయిన్ పైపు, వాల్వ్ ఉండే గదిలోకి) వెళ్తే మెయిన్ వాల్వ్ చక్రానికి సాలెగూడు. చెయ్యేసి తిప్పితే మూసి ఉంది. అడిగితే, నాలుగు నెలల కిందట లైనులో లీకు వస్తే మూశాం సార్, అన్నారు. నాలుగు నెలలు ఆ గోడౌన్‌లో స్ప్రింక్లర్లు అలంకారానికి వేలాడాయి. వాల్వ్‌కి టాంపర్ స్విచ్ (ఎవరైనా వాల్వ్ మూస్తే తెలియజేసేది) పెట్టించి అలారం ప్యానెల్‌కి కలిపించు, పైన గొలుసు వేసి తాళం. డీజిల్ పంపు వారానికోసారి అరగంట నడవాలి, రిజిస్టర్లో సంతకంతో.

ఇంకొకటి, ఇది డిజైన్ కాదు. 2022 మార్చిలో సికింద్రాబాద్ బోయిగూడ స్క్రాప్ గోడౌన్‌లో మంటలు లేచి పైన పడుకున్న 11 మంది బీహార్ కార్మికులు చనిపోయారు. మీ షెడ్డులో మెజనైన్ (మధ్యలో వేసే అటక లాంటి అంతస్తు) మీద ఎవరూ పడుకోకుండా చూడు. ఊరి నుంచి వచ్చిన పిల్లలు, అద్దె మిగులుతుందని అక్కడే పక్క వేస్తారు, సూపర్‌వైజర్ చూసీ చూడనట్టు ఉంటాడు.

గుంటూరుమిర్చి:

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. మా కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలకి (బస్తాలకి) కూడా ఇదే ఈఎస్ఎఫ్ఆర్ పెట్టొచ్చా?

డాలస్‌సీమబిడ్డ:

దీనికి వేరే పోస్టు పెట్టండి, చాలా ఉంది. ఒక్క ముక్క: ఈఎస్ఎఫ్ఆర్‌కి పైపుల్లో ఎప్పుడూ నీళ్లు నిండి ఉండాలి, పైపు ఉన్న చోట 4 డిగ్రీల కిందికి పోకూడదు. మీ ఛాంబర్ ఎంతలో నడుపుతారో, గోనె సంచులా ప్లాస్టిక్ సంచులా, ర్యాకులా దొంతరలా, ఇవి రాయండి.

మేడ్చల్‌షెడ్డు:

మూడు వారాలకి మళ్లీ వస్తున్నా.

రెండో కొటేషనాయన్ని పిలిచి శిఖరం కొలత చూపించా. ముందు "అదేం కాదు సార్, అందరం ఈవే తీసుకుంటాం" అన్నాడు. మా డాలస్ అన్నయ్య రాసిన లెక్క ఫోన్లో చూపిస్తే కాసేపు చూసి, క్యాలిక్యులేటర్ తీసి, తర్వాత టీ అడిగాడు. రెండ్రోజులకి కొత్త డిజైన్ పంపాడు: కె 16.8, 52 పీఎస్ఐ, 101 డిగ్రీల రేటింగ్, 720 హెడ్లు, గంటకి 410 క్యూబిక్ మీటర్ల పంపులు రెండు, ఒకటి కరెంటుది, ఒకటి డీజిల్‌ది. నీళ్లు 415 వచ్చింది. సంపు పక్కన 120 కిలోలీటర్ల స్టీలు ట్యాంకు పెట్టి కలుపుతున్నాం, హైడ్రెంట్ల నీళ్లు విడిగా చూపించాం, దానికి ఇంకో చిన్న ట్యాంకు.

పార్టీ వాళ్ల ఇన్సూరర్ నుంచి ఈమెయిల్ తెప్పించా. ఎన్ఎఫ్‌పీఏ ప్రకారం, అట్టపెట్టెల్లో ఉన్న ప్లాస్టిక్ దాకా, 7.5 మీటర్ల ఎత్తు అని స్పష్టంగా రాశారు. పరుపులు వాళ్లు వేరే గోడౌన్‌కి మార్చుకుంటామన్నారు. ఏరోసాల్స్‌కి, శానిటైజర్‌కి వెనక మూలన గోడ కట్టి వేరే గది, డిజైన్ విడిగా. ప్లాస్టిక్ ప్యాలెట్లు తీసేసి చెక్కవి తెస్తామన్నారు, వాళ్ల ప్రొక్యూర్‌మెంట్ మేడమ్‌కి అది అస్సలు నచ్చలేదు. ప్లైవుడ్ గురించి అడిగితే మేనేజర్ నవ్వి "మీకెలా తెలుసు" అన్నాడు. వైరు మెష్ అని అగ్రిమెంటులో ఎక్కించాం.

మామయ్య ఖర్చు చూసి రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు బాబాయ్ గారు రాసిన వాల్వ్ కథ చదివి వినిపించా. వాచ్‌మెన్‌ని పిలిచి ఆ తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో ఇప్పుడే తేల్చుకోమన్నాడు, ఇంకా పైపు ఒక్కటి కూడా రాలేదు.